కుండీలో కరివేపాకు: పసుపు చిగుళ్ళు, పుల్ల మజ్జిగ, పక్కింటివారి కోత

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

మిత్రులందరికీ నమస్కారం. మా బాల్కనీలోని కరివేపాకు మొక్క విషయంలో ఇంట్లో పెద్ద తగవు నడుస్తోంది. తీర్పు చెప్పగలిగినవారు ఇక్కడే ఉన్నారన్న నమ్మకంతో రాస్తున్నాను. కడియం నుంచి వచ్చిన కవరు మొక్కను కొని కుండీలోకి మార్చి ఏడాది దాటింది. మొక్క నడుము ఎత్తుకు పెరిగింది, కొమ్మ బలంగానే ఉంది, కాని దసరా వెళ్ళినప్పటి నుంచి వస్తున్న చిగుళ్ళన్నీ లేత పసుపు రంగులో ఉంటున్నాయి. దగ్గరగా చూస్తే ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం మాత్రమే పాలిపోయి కనిపిస్తోంది. పుల్ల మజ్జిగ పోస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుందని మా అత్తయ్యగారు అంటారు. మజ్జిగ పోస్తే వచ్చేవి చీమలే గాని చిగుళ్ళు కావని మావారు అంటారు. నిన్న రాత్రి అత్తయ్యగారు మజ్జిగ గిన్నెతో బాల్కనీలోకి నడవగానే మావారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు, మా అమ్మాయి మాత్రం ఆ మజ్జిగేదో తనకు పోస్తే తాగేస్తానని గ్లాసు పట్టుకుని వచ్చింది. ఎండ ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా పడుతుంది, పోసేవి బోరు నీళ్ళు. ఎవరి మాట నిలబడుతుందో దయచేసి తేల్చండి.

తాలింపు గింజ, హనుమకొండ

నేను మీ అత్తమ్మ పక్షమే, అక్కా. మా నాయనమ్మ ఇంటి వెనుక ఉన్న కల్యామాకు చెట్టుకు చల్ల కుండ కడిగిన నీళ్ళు తప్ప వేరే ఎరువు తెలియదు, అయినా అది పెంకుల కప్పును దాటి పెరిగి వాడకట్టు మొత్తానికి ఆకు ఇచ్చింది. మీ బిడ్డకు మాత్రం ముందు ఒక గ్లాసు పోసి, మిగిలింది మొక్కకు పోయండి.

కడియపులంక కుర్రవాడు

నమస్కారం అక్కా. మా నర్సరీ వాళ్ళమంతా మొక్క ఇంటికి వెళ్ళాక ఎలా ఉందో వినాలని ఎదురు చూస్తూ ఉంటాం, కాబట్టి ఇంత వివరంగా రాసినందుకు చాలా సంతోషం. తీర్పుకు ముందు మూడు సంగతులు చెప్పండి. కుండీ ఎంత పెద్దది, అడుగున రంధ్రాలు తెరుచుకునే ఉన్నాయా, నాటినప్పుడు కవరు తీసి వేళ్ళు చూశారా? కవరులో ఎక్కువ కాలం ఉన్న మొక్కకు వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోతాయి. ఆ చుట్టను విడదీయకుండా అలాగే దించితే చుట్టూ ఎంత మంచి మట్టి ఉన్నా వేరు దానిలోకి పోదు. మా వేమగిరి, బుర్రిలంక, కడియపులంక నర్సరీలలో కరివేపాకును చిన్న కవరులోనే పెంచుతారు, ఎందుకంటే లారీలో ఎక్కువ మొక్కలు పట్టాలి. కొన్నవారు ఇంటికి తీసుకెళ్ళిన వెంటనే దానికి విశాలమైన చోటు ఇవ్వాలి. కరివేపాకు పైకి సన్నగా కనబడుతుంది గాని అడుగున వేరు లోతుగా దిగుతుంది, అందుకే కనీసం 18 అంగుళాల లోతున్న కుండీ గాని, పాత రంగు డబ్బా గాని కావాలి.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

కుండీ మట్టిదే, తమ్ముడూ, మోకాలి ఎత్తు ఉంటుంది. రంధ్రాలు ఉన్నాయి, నీళ్ళు బాగానే దిగుతున్నాయి. వేళ్ళను విడదీసే నాటాం, ఆ పని మా మామయ్యగారు దగ్గరుండి చేయించారు.

కాకినాడ మాస్టారు

మామయ్యగారు ఆ పని చేయించారు కాబట్టి వేరు గురించిన అనుమానం తీరింది. ఇక ఆకు సంగతి చూద్దాం.

ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పచ్చబడటం, అదీ ముదురు ఆకులో కాక లేత చిగుళ్ళలో మొదలవటం ఇనుప ధాతువు లోపానికి స్పష్టమైన గుర్తు. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురు ఆకులు పాలిపోతాయి, ఎందుకంటే మొక్క వాటిలోని నత్రజనిని తీసి చిగుళ్ళకు పంపుకుంటుంది. ఇనుమును అలా ఒక ఆకు నుంచి మరొక ఆకుకు తరలించుకోలేదు, అందుకే లోటు ఎప్పుడూ కొత్త చిగురులోనే బయటపడుతుంది. మీ కుండీ మట్టిలో ఇనుము లేదని దీని అర్థం కాదు. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. హైదరాబాదులో చాలాచోట్ల బోరు నీళ్ళు కఠిన జలాలు. వర్షాకాలంలో వాన నీరు కుండీని కడుగుతూ ఉంటుంది, వానలు ఆగాక రోజూ బోరు నీళ్ళే పోయటంతో ఆ నీటిలోని సున్నపు లవణాలు మట్టిలో పేరుకుని క్షారగుణం పెరుగుతుంది. క్షారపు మట్టిలో ఇనుము కరగదు, కరగనిదాన్ని వేరు పీల్చుకోలేదు. దసరా దాటాకే పసుపు మొదలైందని మీరు గమనించటం ఈ కారణానికి సరిగ్గా సరిపోతోంది.

ఇప్పుడు మజ్జిగ. పులిసిన మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది, అది తగిలినచోట మట్టిలోని క్షారగుణం కాస్త తగ్గి కొంత ఇనుము కరుగుతుంది. అందుచేత పెద్దల మాటలో నిజం ఉంది. అయితే మజ్జిగలోని ఆమ్లం స్వల్పం, మర్నాడు పోసే బోరు నీళ్ళు దాన్ని తుడిచేస్తాయి. చిక్కటి మజ్జిగ పోస్తే అందులోని వెన్న, మీగడ పైమట్టి మీద పొరకట్టి వాసన వస్తుంది, చీమలు వస్తాయి. అందుచేత మీవారి మాటలోనూ నిజం ఉంది. ఒక గ్లాసు మజ్జిగకు పది గ్లాసుల నీళ్ళు కలిపి పదిహేను రోజులకొకసారి పోసుకోండి, అత్తయ్యగారి చేతుల మీదుగానే పోయించండి.

అసలు మందు అన్నభేది, అంటే నీటిలో కరిగే ఇనుప లవణం (ఫెర్రస్ సల్ఫేట్). లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, వడగట్టి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ ఆకులు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయండి. వారం పది రోజుల ఎడంతో మరొకసారి చేస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. పిచికారీ చేశాక కొన్నాళ్ళు ఆ ఆకును కోయకుండా ఉండి, తరవాత బాగా కడిగి వాడుకోండి. ఇప్పటికే పూర్తిగా పాలిపోయిన ఆకులు కొన్ని అలాగే ఉండిపోవచ్చు, వాటిని చూసి దిగులు పడవద్దు.

మిద్దె మీద కాకర, విజయవాడ

మాస్టారూ, ఇనుప మేకులు కుండీలో గుచ్చితే పనిచేస్తుందని మా పిన్ని చెబుతుంది, ఆవిడ కుండీలో సగం మేకుల దుకాణమే ఉంది. దాని సంగతి కూడా చెప్పండి.

కాకినాడ మాస్టారు

తుప్పు నీటిలో కరగదు, అమ్మా. మట్టిలో ఇప్పటికే ఉన్న ఇనుము కరగకపోవటమే మన చిక్కు, దానికి మరికొంత కరగని ఇనుమును చేర్చినందువల్ల మొక్కకు అందేదేమీ ఉండదు. పిన్నిగారి మేకులను తీసి గోడకు కొట్టి, కాకరపాదుకు తాడు కట్టమనండి.

మిద్దె మీద కాకర, విజయవాడ

ఆవిడకు ఈ తీర్పును మీ పేరు మీదే వినిపిస్తాను.

కరివేపాకు మీద నాకున్న బెంగ మరొకటి. లేత ఆకుల మీద పక్షి రెట్టలాంటిది ఒకటి అంటుకుని ఉంటే నీళ్ళతో కడగబోయాను, అది కదిలింది. రెండు రోజులకు అదే ఆకుపచ్చ రంగులోకి మారి, వేలెడంత లావై, ఒక రెమ్మనంతా ఈనెలు మిగిల్చి తినేసింది. పుల్లతో తాకితే తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ముల జత బయటికి చాచి ఘాటైన వాసన వదిలింది. మా బాబు దానికి పేరు పెట్టి పెంచుకుంటానంటున్నాడు, నేను కూరకు ఆకు లేకుండా పోతోందని అంటున్నాను.

కాకినాడ మాస్టారు

అది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. కరివేపాకు కూడా నిమ్మ, నారింజ, వెలగ, మారేడు చెట్ల కుటుంబానికే చెందినది, ఆ కుటుంబపు ఆకుల మీదనే ఆ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. లేత చిగురు మీద ఒక్కొక్కటిగా పసుపుపచ్చని చిన్న గుడ్లు కనబడతాయి. పక్షులు తినకుండా మొదట రెట్ట వేషం, పెద్దయ్యాక ఆకు వేషం, అప్పటికీ ఎవరైనా తాకితే ఆ వాసన కొమ్ములు.

ఈ సందర్భంగా మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. కరివేపాకుకు శాస్త్రీయ నామంలో ఉన్న ‘కోనిగీ’ అనే మాట యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు మీద వచ్చింది. 1728లో పుట్టిన ఆయన, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు శిష్యుడు. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో ఉన్న డేనిష్ క్రైస్తవ మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, దక్షిణ భారతదేశపు మొక్కలను ఎన్నో సేకరించి, 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. అప్పట్లో సామర్లకోటలో పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ అనే మరో వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త ఆయనకు చివరి రోజుల్లో వైద్యం చేశాడు. మన పోపు గిన్నెలో రోజూ పడే ఆకుకు పేరిచ్చిన మనిషి మన గోదావరి జిల్లాల మట్టిలో కలిసిపోయాడన్న సంగతి ఈ ఊరి పిల్లలకు పాఠంలో చెప్పాలని నా కోరిక.

తాలింపు గింజ, హనుమకొండ

మాస్టారూ, రేపటి నుంచి పోపు పెట్టేటప్పుడల్లా ఆయనను తలుచుకుంటాను. విజయవాడ అక్కా, బాబును ఆ పురుగును పెంచుకోనివ్వండి. ఒక గాజు సీసాలో రోజుకు రెండు రెమ్మలు వేసి, మూతికి పల్చటి గుడ్డ కడితే కొన్నాళ్ళలో గూడు కట్టుకుని సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. మా ఇంట్లో నిమ్మచెట్టు పురుగును పిల్లలు అలాగే పెంచారు, అది రెక్కలు ఆరబెట్టుకుంటుంటే బడికి వెళ్ళమంటే ఒక్కరూ కదలలేదు.

పెదవడ్లపూడి పొలం

ఆలస్యంగా వచ్చాను, కోత పనిలో ఉన్నాం. మా మంగళగిరి వైపు కరివేపాకును ఎకరాల లెక్కన పండిస్తాం. ఈ చర్చ మొదటి నుంచి చదివాను, మందులూ పురుగులూ అన్నీ వచ్చాయి గాని అతి ముఖ్యమైనది ఇంకా ఎవరూ చెప్పలేదు. మీలో ఎంతమంది కరివేపాకును కోస్తున్నారు, ఎంతమంది గిల్లుతున్నారు?

ఇళ్ళలో అందరూ చేసేది గిల్లటం. కూరకు కావలసినప్పుడు కింద చేతికందిన రెమ్మ నుంచి నాలుగు ఆకులు దూసుకుంటారు. మొక్క కింద బోసిపోయి, పైన ఒక్క కుచ్చుతో ఒంటికర్రగా పెరుగుతూ పోతుంది. మేము పొలంలో మూడు నాలుగు నెలలకొకసారి కొమ్మలతో సహా కిందికి కోసి కట్టలు కడతాం. కోసిన ప్రతిచోటా రెండు మూడు పక్క చిగుళ్ళు వస్తాయి, తోట గుబురవుతుంది. కుండీలో అంత కిందికి కోయనక్కరలేదు. మొక్క నడుము ఎత్తుకు వచ్చాక తలను ఒక జానెడు తుంచేయండి, పక్క కొమ్మలు వచ్చాక వాటి చివరలనూ అలాగే తుంచండి. వంటకు ఎప్పుడూ ఆకులు దూయకుండా కొమ్మ చివర నుంచి రెమ్మను ఈనెతో సహా కత్తిరించండి. పూత వస్తే, విత్తనం అక్కరలేనివారు మొగ్గలోనే తీసేయండి, ఎందుకంటే పూసిన కొమ్మ చిగురు వేయదు. ఎరువుగా బాగా మాగిన పశువుల ఎరువు చాలు, రెండు నెలలకు రెండు గుప్పిళ్ళు వేసి మట్టిని పైపైన కలపండి.

ఇంకొక మాట కూడా మనసులో ఉంది, చెబుతాను. విదేశాలకు వెళ్ళే మన కరివేపాకును యూరపు దేశాలవారు పురుగుమందుల అవశేషాల కోసం పరీక్షించి, మోతాదు మించితే తిప్పి పంపుతారు. కొనేవారు మచ్చలేని నిగనిగల ఆకే కావాలంటారు, ఆ నిగనిగ కోసం రైతు ఎక్కువసార్లు మందు కొట్టవలసి వస్తుంది. ఇంట్లో ఒక్క కుండీ ఉన్నవాళ్ళు ఆ మందుల బెడద లేకుండా తినగలుగుతారు, కాబట్టి పురుగు కొరికిన రెండు ఆకులకు బాధపడకండి. చిగుళ్ళు ముడుచుకుని తెల్లటి మైనపు పోగులు కనిపిస్తే మాత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి కొట్టండి.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

బాబాయిగారూ, మీ ప్రశ్న చదివి ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం, మా ఇంట్లో అందరిదీ గిల్లుడే. అయితే అసలు గిల్లుడు పక్క ఫ్లాటువారిది. బాల్కనీలు రెండూ ఆనుకుని ఉండటం వల్ల వారి వైపు వంగిన కొమ్మకు ఎప్పుడూ ఆకు ఉండదు. పొద్దున్నే మా గోడ మీదుగా ఒక గాజుల చేయి రావటం, రెండు రెమ్మలు తీసుకుని వెళ్ళిపోవటం మా ఇంటిల్లిపాదికీ అలవాటైన దృశ్యం. దానికి బదులు ఆదివారం పూట వారింటి నుంచి గిన్నెడు సాంబారు వస్తుంది కాబట్టి ఫిర్యాదు ఏమీ లేదు. ఇకమీదట ఆవిడకు ఒక చిన్న కత్తెర ఇచ్చి, చివర నుంచి కత్తిరించమని చెబుతాను.

మిద్దె మీద కాకర, విజయవాడ

కత్తెరకు ఒక తాడు కట్టి గోడకే వేలాడదీయండి. సాంబారు ఆగకూడదు.

మా అపార్టుమెంటులో మా మొక్క మెట్ల పక్కనే ఉంటుంది, అడిగినవారికి అడిగినంత ఇస్తాం. దీపాలు పెట్టిన తరవాత చెట్టు మీద చేయి వేయకూడదని మా అమ్మ పట్టుదల, అందుచేత సాయంత్రం ఆరు గంటలకు ముందే ఒక గుత్తి కోసి గ్లాసు నీళ్ళలో పెట్టి గుమ్మం పక్కన ఉంచుతుంది. రాత్రి ఉప్మాకు కరివేపాకు లేక వచ్చినవారు ఆ గ్లాసులోంచి తీసుకుంటారు. చెట్టును నిద్రలేపకుండా, ఇరుగుపొరుగును ఖాళీ చేతులతో పంపకుండా ఆవిడ చేసుకున్న ఏర్పాటు అది.

న్యూజెర్సీ వంటిల్లు

మీ అమ్మగారి గ్లాసు సంగతి చదివి ఎంత అసూయ పడ్డానో చెప్పలేను. ఇక్కడ మా స్నేహితుల్లో కరివేపాకు మొక్క ఉన్న ఇల్లంటే పెద్ద గౌరవం, ఆ ఇంటికి భోజనానికి పిలిస్తే ఎవరూ మానరు. ఇండియా నుంచి వచ్చేవారు మొక్కను గాని పచ్చి ఆకును గాని తీసుకురావటానికి లేదు, విమానాశ్రయంలోనే తీసేస్తారు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేస్తున్న గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడ్డాక నారింజ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి, అందువల్ల దేశం లోపల కూడా తెగులున్న రాష్ట్రాల నుంచి మొక్కలను ఇష్టం వచ్చినట్టు తరలించకూడదు. ఆ రైతుల నష్టం చూసినవారెవరూ ఈ నిబంధనను తప్పుపట్టరు.

నాది ఇక్కడే ఒక స్నేహితురాలు వేరు పిలకను విడదీసి ఇచ్చిన మొక్క. మే నెల సగం గడిచాక మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేసి బయట పెడతాను, శరదృతువులో మంచు పడకముందే లోపలికి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర ఉంచుతాను. చలికాలంలో సగం ఆకులు రాలిపోతాయి. మొదటి ఏడాది మా అత్తగారు ఇండియా నుంచి వీడియోలో ఆ మోడును చూసి, పాపం దానికి ఒక స్వెట్టరు వేయమన్నారు. మావారు నిజంగానే కుండీకి పాత ఉన్ని శాలువా చుట్టారు. మాస్టారూ, చలికాలంలో నీళ్ళు ఎంత పోయాలి?

కాకినాడ మాస్టారు

శాలువా ఉంచండి, దాని వల్ల నష్టం లేదు. ఉష్ణోగ్రత 16 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే కరివేపాకు పెరగటం ఆపేస్తుంది. ఆకు తక్కువైనప్పుడు మొక్క తాగే నీరూ తక్కువే, కాబట్టి రెండు అంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే పోయండి. చలికాలంలో మొక్కలు చచ్చిపోయేది చలికంటే ఎక్కువగా యజమానుల జాలి వల్ల, అంటే ఆకు రాలిందని రోజూ నీళ్ళు పోయటం వల్ల. కూకట్‌పల్లి చెల్లెమ్మకు కూడా ఇదే వర్తిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో చిగురు వేయలేదని ఎరువు మీద ఎరువు వేయకండి.

తాలింపు గింజ, హనుమకొండ

పెదవడ్లపూడి అన్న చెప్పినట్టు తల తుంచితే ఒక్కసారిగా బోలెడు ఆకు వస్తుంది కదా, దాన్ని ఏం చేయాలో నేను చెబుతాను. మా పిల్లలు కూరలోని కరివేపాకును ఏరి పళ్ళెం అంచున వరుసగా పేర్చేవారు, పొడి చేసి పెట్టినప్పటి నుంచి ఆ వరుస మాయమైంది. ఆకును కడిగి, గుడ్డ మీద నీడలో తడి ఆరేదాకా ఆరబెట్టాలి. రెండు గుప్పిళ్ళ ఆకుకు చెంచా శనగపప్పు, చెంచా మినప్పప్పు, రెండు చెంచాల ధనియాలు, అర చెంచా జీలకర్ర, కారానికి తగిన ఎండుమిర్చి విడివిడిగా దోరగా వేయించాలి. చివర సన్నని సెగ మీద ఆకును గలగలలాడేదాకా వేయించి, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చేర్చి బరకగా దంచాలి. వేడి అన్నంలో నెయ్యి వేసి ఈ పొడి కలిపి పెడితే మా చిన్నవాడు మారు అడుగుతాడు. సీసా పొడిగా ఉంటే నెల రోజులకు పైనే నిలవ ఉంటుంది, మా ఇంట్లో మాత్రం అంతకాలం మిగలదు.

కడియపులంక కుర్రవాడు

అక్కా, ఆ పొడి సీసా ఒకటి మా నర్సరీ చిరునామాకు పంపితే బదులుగా మొక్క పంపుతాను. విత్తనం నుంచి పెంచాలనుకునేవారికి ఒక జాగ్రత్త. కరివేపాకు గింజ ఎండిపోతే మొలకెత్తదు, అందుచేత పొట్లాల్లో నెలల తరబడి ఉన్న విత్తనం మీద డబ్బు పెట్టకండి. నల్లగా పండిన కాయ చెట్టు నుంచి దొరికిన రోజే గుజ్జు తీసేసి, అర అంగుళం లోతున విత్తుకోవాలి.

మూడో అంతస్తు, కూకట్‌పల్లి

ఇప్పుడే మావారు దుకాణం నుంచి అన్నభేది, నిమ్మ ఉప్పు తెచ్చారు. పది గ్లాసుల నీళ్ళు కలిపిన మజ్జిగను అత్తయ్యగారు పోశారు, తన మాటా నిలిచిందని ఆవిడ, తన మాటా నిలిచిందని ఈయన, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఆకుల కింద గుడ్లు వెతికే పని మా అమ్మాయి తీసుకుంది. మాస్టారూ, మీ ఇంటి చెట్టు కాయలు ఎప్పుడు పండుతాయి? కోనిగ్ గారి ఊరి చెట్టు విత్తనం ఒకటి మా బాల్కనీలో ఉండాలని పిల్ల పట్టుబట్టింది.

కాకినాడ మాస్టారు

వేసవిలో పూస్తుంది, జులై, ఆగస్టు నెలల్లో పండుతుంది. అప్పటికి ఎవరైనా కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చేవారు ఉంటే చెప్పండి, పండ్లను గుత్తితో సహా కోసి తడిగుడ్డలో చుట్టి ఇస్తాను. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మీ చేతిలో ఉంటాయి, ఆ పూటే విత్తండి. కుండీ మట్టిని మాత్రం ముందురోజే సిద్ధం చేసి ఉంచుకోండి.